హెడ్ దించిన తరువాత టైమింగ్ బెల్టును తిరిగి బిగించే పద్ధతి

కూలెంట్ సరిగా లేని కారు మే నెల ఎండలో, నిండా మనుషులతో తిరుమల ఘాట్ ఎక్కితే ఇంజన్ వేడెక్కి హెడ్ గ్యాస్కెట్ (సిలిండర్ల పైమూత అయిన హెడ్‌కూ కింది బ్లాకుకూ మధ్య ఉండే పొర) పోవడం తిరుపతి మెకానిక్‌లకు కొత్త సంగతి కాదు. హెడ్ దించడం, లేత్ షెడ్డులో ఫేసింగ్ (హెడ్ అడుగు భాగాన్ని చదును చేయడం) చేయించడం, కొత్త గ్యాస్కెట్ వేయడం వరకు శ్రద్ధగా సాగిన పని, బండి ఎప్పుడిస్తారని యజమాని పదేపదే అడుగుతుండగా టైమింగ్ బెల్టు దగ్గర తొందరపాటుకు లోనవుతుంది. అసలు జాగ్రత్త అవసరమైనది అక్కడే.

ముందుగా ఆ ఇంజన్‌కు ఉన్నది బెల్టో చైనో తెలుసుకోవాలి. శాంట్రో, ఇండికా 1.4 డీజిల్, డస్టర్ 1.5 డీజిల్ ఇంజన్లకు బెల్టు ఉంటుంది. మారుతి కె సిరీస్ పెట్రోల్ ఇంజన్లకు, స్విఫ్ట్ 1.3 డీజిల్‌కు చైను ఉంటుంది. ఐ10లోనే 1.1 లీటరు ఇంజన్‌కు బెల్టు, 1.2 లీటరు కప్పా ఇంజన్‌కు చైను ఉన్నాయి కనుక బండి పేరును బట్టి నిర్ణయించకూడదు. గేర్ల మీద కలపవలసిన టైమింగ్ గుర్తుల స్థానాలు, బోల్టుల బిగువు ఇంజన్ ఇంజన్‌కూ మారుతాయి. అందువల్ల ఆ ఇంజన్ సర్వీస్ మాన్యువల్ పక్కన లేకుండా ఈ పని మొదలుపెట్టరాదు.

క్రాంక్ (పిస్టన్లు తిప్పే కింది ఇరుసు) రెండు చుట్లు తిరిగినప్పుడు క్యామ్ (వాల్వులను తెరిచే పై ఇరుసు) ఒక చుట్టు తిరగాలి. ఈ రెండింటినీ కలిపి తిప్పేదే టైమింగ్ బెల్టు. క్రాంక్ గేరుకు 20 పళ్ళు ఉన్నాయనుకుంటే, బెల్టు ఒక్క పన్ను తప్పినా క్రాంక్ లెక్కలో 18 డిగ్రీల తేడా వస్తుంది. అంత తేడాతో ఇంజన్ ఒక్కోసారి స్టార్ట్ అవుతుంది, కానీ పికప్ ఉండదు, ఐడిలింగ్ నిలవదు. మరికొన్ని పళ్ళు తప్పితే, చాలా ఇంజన్లలో తెరుచుకున్న వాల్వులకు పిస్టన్లు తగిలి వాల్వులు వంగిపోతాయి. దించిన హెడ్‌ను మళ్ళీ దించవలసి వస్తుంది.

బ్యాటరీ నెగటివ్ వైరు తీసి, చల్లని ఇంజన్ మీదనే పని చేయాలి. నాలుగు సిలిండర్ల ఇంజన్ అయితే, హెడ్ కూర్చోబెట్టే ముందు క్రాంక్‌ను టీడీసీ (మొదటి పిస్టన్ పూర్తిగా పైకి చేరిన స్థానం) నుంచి సుమారు 90 డిగ్రీలు వెనక్కి తిప్పి ఉంచడం మంచిది. అప్పుడు నాలుగు పిస్టన్లూ సిలిండర్ మధ్యలో ఉంటాయి కాబట్టి క్యామ్ తిరిగినా వాల్వులకు దెబ్బ తగలదు. క్యామ్ గుర్తు కలిపిన తరువాతే క్రాంక్‌ను మొదటి సిలిండర్ టీడీసీకి తేవాలి. టీడీసీ గుర్తును క్రాంక్ బయటి పుల్లీ మీద చూడకూడదు. దాని రబ్బరు జారి ఉంటే గుర్తు తప్పుతుంది. బెల్టు ఎక్కే పళ్ళ గేరు మీది గుర్తునే ప్రమాణంగా తీసుకోవాలి.

నూనె గాని కూలెంట్ గాని తగిలిన బెల్టును తుడిచి మళ్ళీ వేయడం పొదుపు కాదు. హెడ్ దించేంత పని జరిగినప్పుడు బెల్టుతోపాటు టెన్షనర్ (బెల్టును బిగువుగా ఉంచేది), ఐడ్లర్ (బెల్టును దారిలో ఉంచే చక్రం) మార్చడం, వాటర్ పంపు కూడా ఆ బెల్టుతోనే తిరిగేదైతే దాన్నీ మార్చడం సమంజసం. కొత్త బెల్టును మడవకూడదు, మెలిపెట్టకూడదు, స్క్రూడ్రైవర్‌తో పొడిచి ఎక్కించకూడదు. బాణం గుర్తు ఉంటే ఇంజన్ తిరిగే దిశకు ఉండేలా చూసుకుని, క్రాంక్ గేరు దగ్గర మొదలుపెట్టి, టెన్షనర్ లేని వైపు ఏమాత్రం వదులు లేకుండా లాగి పట్టుకుంటూ క్యామ్ మీదికి తెచ్చి, టెన్షనర్ మీదికి చివరగా ఎక్కించాలి. మిగిలిన వదులంతా టెన్షనర్ వైపే చేరాలి.

ఆటోమేటిక్ టెన్షనర్‌కు సూచిక ముల్లు గాడికి ఎదురుగా రావాలి. స్ప్రింగ్ రకానికి బోల్టు వదులు చేసి స్ప్రింగును దాని పని చేయనిచ్చి, తరువాత బిగించాలి. బొటనవేలితో బెల్టు తిప్పి బిగువు చెప్పే అలవాటు మన షెడ్లలో బలంగా ఉంది గాని, అన్ని ఇంజన్లకూ అది వర్తించదు. బిగువు ఎక్కువైతే బెల్టు కూస్తుంది, వాటర్ పంపు బేరింగు త్వరగా పోతుంది. తక్కువైతే పన్ను దాటుతుంది.

ఇక వదలకూడని పరీక్ష ఒకటుంది. క్యామ్ కదలకుండా లాక్ పిన్నులు పెట్టి ఉంటే అవి తీశామని నిర్ధారించుకుని, పెట్రోల్ ఇంజన్ అయితే స్పార్క్ ప్లగ్గులు తీసి, క్రాంక్ బోల్టుకు సాకెట్ పెట్టి, ఇంజన్ తిరిగే దిశలోనే చేతితో రెండు పూర్తి చుట్లు తిప్పాలి. క్యామ్ బోల్టు పట్టుకుని తిప్పరాదు. కంప్రెషన్ అడ్డు మెత్తగా ఉండి కొద్దికొద్దిగా లొంగుతుంది. గట్టిగా టక్కున ఆగితే అది వాల్వుకు పిస్టన్ తగలడమే కావచ్చు కనుక బలం ఉపయోగించకుండా ఆపి, మొదటి నుంచీ చూసుకోవాలి. రెండు చుట్ల తరువాత క్రాంక్, క్యామ్ గుర్తులు మళ్ళీ కలవాలి. బెల్టు మీద గీతలుంటే అవి మాత్రం కలవవు, దాని పళ్ళ సంఖ్య వేరు కాబట్టి. ఇది తెలియక సరిగ్గా ఉన్న బెల్టును విప్పేవారు ఉన్నారు. ఫేసింగ్ చేసిన హెడ్ కొంచెం కిందికి దిగుతుంది కనుక క్యామ్ గుర్తు వెంట్రుకవాసి తేడా చూపవచ్చు, కానీ అది పన్నులో సగం దాకా వస్తే ఒప్పుకోకూడదు. టెన్షనర్ ముల్లును కూడా ఇప్పుడు మళ్ళీ చూడాలి.

క్రాంక్ బోల్టును టార్క్ రెంచితో మాన్యువల్ చెప్పిన మేరకు బిగించాలి. కవర్లను, వాటి రబ్బరు అంచులతో సహా, పూర్తిగా వేయాలి. చిత్తూరు వైపు గ్రానైట్ క్వారీల రోడ్ల మీద తిరిగే బండికి ఆ దుమ్ము లోపలికి పోతే బెల్టు ఆయుష్షు తగ్గుతుంది. స్టార్ట్ చేశాక ఇంజన్ దీపం వెలిగి, స్కానర్‌లో పీ0016 కోడ్ వస్తే క్రాంక్, క్యామ్ సంకేతాలు ఒకదానితో ఒకటి పొసగడం లేదని అర్థం. సెన్సార్ మార్చే ముందు బెల్టు గుర్తులనే చూడాలి. ఆ రోజు బండిని ఊళ్ళోనే తిప్పి, చల్లారాక కూలెంట్ మట్టం చూసి, ఆ తరువాతే అలిపిరి దాటించాలి. బెల్టు వేసిన తేదీని, అప్పటి కిలోమీటర్లను ఒక స్టిక్కరు మీద రాసి కవరుకు అంటించాలి.