తెల్లతల గద్ద గూడు: చూడటం నేర్చుకుందాం
3వ పాఠం – పొదుగు రోజులు

గత పాఠంలో గూటి బొమ్మ గీసి, మధ్యలో గుడ్లుండే గుంట ఎక్కడుందో, పక్షి ఏ కొమ్మ మీదుగా లోపలికి దిగుతుందో గుర్తులు పెట్టమన్నాను. ఆ కాగితం ఎదురుగా పెట్టుకోండి. ఈ పాఠమంతా ఆ గుంట చుట్టూనే.

కొత్తగా చేరినవాళ్లకు రెండు ముక్కలు. మనం యూట్యూబ్ లైవ్ కెమెరాలో చూస్తున్నది అమెరికాలోని కాలిఫోర్నియాలో, శాన్ బెర్నార్డినో కొండల్లో, బిగ్ బేర్ సరస్సు దగ్గరి బాల్డ్ ఈగిల్ గూడు. జెఫ్రీ పైన్ చెట్టు మీద సుమారు 145 అడుగుల ఎత్తులో ఉంటుంది. ఆడపక్షిని జాకీ అనీ, మగపక్షిని షాడో అనీ పిలుస్తారు. కెమెరా నడిపేది ఫ్రెండ్స్ ఆఫ్ బిగ్ బేర్ వ్యాలీ అనే సంస్థ. పేరులో బాల్డ్ అని ఉన్నా వీటిది బట్టతల కాదు, తెల్లతల. మన చెరువుల మీద తిరిగే గరుడ పక్షికీ తల తెల్లగానే ఉంటుంది కాబట్టి ఫొటోలో చూసి పొరబడేవాళ్లున్నారు. ఈ గద్ద ముందు అది పిట్ట కింద లెక్క.

ముందు గడియారం

చలికాలంలో వాళ్ల టైము మనకంటే 13 గంటల 30 నిమిషాలు వెనక. మార్చి రెండో ఆదివారం వాళ్లు గడియారం ముందుకు తిప్పుకుంటారు, అప్పట్నుంచి తేడా 12 గంటల 30 నిమిషాలు. మనకు రాత్రి 9 అయితే అక్కడ జనవరిలో ఉదయం 7:30. భోజనం చేసి కూర్చుంటే గూటి మీద ఎండ పడుతుంటుంది. మనకు పగలయితే అక్కడ చీకటి. కెమెరా ఇన్‌ఫ్రారెడ్ వెలుతురులో నలుపు తెలుపుల్లో చూపిస్తుంది, ఆ వెలుతురు పక్షికి కనబడదు.

నోటుబుక్కులో మాత్రం అక్కడి తేదీ, అక్కడి టైమే రాయండి. ఇది చాదస్తం కాదు, కారణం కాసేపట్లో చెబుతాను.

కూర్చున్న పక్షిలో చూడాల్సింది

"గంటసేపు చూశానండీ, ఏమీ జరగలేదు" అనేది ఈ పాఠం దగ్గర అందరూ చెప్పే మాట. మళ్లీ చూడండి. పక్షి ఉన్నట్టుండి లేస్తుంది. కాలి వేళ్లు పిడికిలిలా ముడుచుకుని అడుగులేస్తుంది, ఆ గోళ్లు తగిలితే గుడ్డుకు చిల్లే మరి. ముక్కుతో గుడ్లను మెల్లగా దొర్లించి, ఒళ్లు ఇటూ అటూ ఊపుకుంటూ మళ్లీ కూర్చుంటుంది. పొట్ట కింద ఈకలు లేని చర్మం కొంత ఉంటుంది, ఒంటి వేడి నేరుగా గుడ్డుకు తగలాలని ఆ ఊపు. ఇదంతా అర నిమిషంలో అయిపోతుంది. మీరు టీ తెచ్చుకోవడానికి లేచిన అర నిమిషం అదే అవుతుంది, నా అనుభవం! యూట్యూబ్ లైవ్‌ను మామూలుగా 12 గంటల దాకా వెనక్కి జరుపుకోవచ్చు, కాబట్టి బాధపడకండి.

ఆడా మగా ఇద్దరూ పొదుగుతారు. డ్యూటీ మారేటప్పుడు వచ్చిన పక్షి పక్కన నిలబడి కూస్తుంది, కూర్చున్నది ఒక్కోసారి వెంటనే లేస్తుంది, ఒక్కోసారి మొండికేస్తుంది. ఆ కూత విని కొందరు నిరాశపడతారు, ఇంత పెద్ద గద్దకు ఇంత సన్నని కిచకిచలా అని. సినిమాల్లో ఈ గద్ద బొమ్మకు తగిలించే గంభీరమైన కేక చాలాసార్లు రెడ్‌టెయిల్డ్ హాక్ అనే వేరే పక్షిది.

ఎవరు ఎవరో తేల్చడానికి పట్టుకోవాల్సిన క్షణం ఈ డ్యూటీ మార్పే. గద్దల్లో ఆడది పెద్దది. ముక్కు మొదట్లో మందం, కాళ్లు, మొత్తం ఒళ్లు అన్నీ మగదానికంటే భారీ. కానీ పెద్ద, చిన్న అనేవి పక్కపక్కన ఉన్నప్పుడే తెలుస్తాయి. ఒంటరిగా గుంటలో కూర్చుని, చలికి ఈకలు ఉబ్బించుకున్న మగపక్షి కూడా పెద్దగానే కనిపిస్తుంది. నా మొదటి శీతాకాలంలో పది రోజులపాటు ఇద్దరినీ తారుమారుగా రాసుకున్నాను, పేజీలన్నీ కొట్టేయాల్సి వచ్చింది. ఇద్దరూ ఒకే ఫ్రేములో ఉన్నప్పుడు స్క్రీన్‌షాట్ తీసి పక్కన పెట్టుకోండి. ఆ మార్పు మీరు చూడకపోతే పేరు చోట ప్రశ్నార్థకం పెట్టండి. ప్రశ్నార్థకం పెడితే పరువేం పోదు.

ఏ రోజు నుంచి లెక్క?

మా అమ్మమ్మ పెట్టను పొదగేసిన రోజు వంటింటి గోడ మీద బొగ్గుతో గీత గీసేది. రోజుకో గీత, 21 గీతలకు పిల్లలు. గుడ్లు అంతకుముందు రోజుకొకటి చొప్పున పోగైనవే, అయినా ఆమె లెక్క గుడ్డు పెట్టిన నాటి నుంచి కాదు, కోడి కూర్చున్న నాటి నుంచి. అందుకే గంపలోని పిల్లలన్నీ ఇంచుమించు ఒకేసారి పైకొచ్చేవి.

గద్ద విషయంలో మనం చేసే తప్పు ఇక్కడే. గుడ్డు కనబడగానే క్యాలెండర్‌లో 35 రోజులు లెక్కేసి గీత గీసేస్తాం. 35 అనేది ఈ జాతికి పుస్తకాల్లో చెప్పే అంకె. బిగ్ బేర్‌లో ఏమవుతుందో 2025 సీజనుతో చూద్దాం.

ఆ ఏడాది గుడ్లు పెట్టింది జనవరి 22, 25, 28 తేదీల్లో. పిల్లలు వచ్చింది మార్చి 3, 4, 8 తేదీల్లో. తీసివేతలు చేయండి: మొదటి గుడ్డుకు 40 రోజులు, రెండోదానికి 38, మూడోదానికి 39. మొదటి రెండు గుడ్లు పెట్టడంలో మూడు రోజుల ఎడం ఉంది, కానీ పిల్లలు కొన్ని గంటల తేడాలో వచ్చాయి. మొదటిది 3వ తేదీ రాత్రి 11 దాటాక, రెండోది తెల్లవారకముందే.

అంటే మొదటి గుడ్డును తొలి రోజుల్లో వదలకుండా పొదగలేదని లెక్క చెబుతోంది. పక్షి గుంట దగ్గరే ఉంటుంది, గుడ్డును కాపలా కాస్తుంది, కప్పుతుంది, కానీ పూర్తిగా ఒళ్లు ఆన్చి కూర్చునే సమయం తక్కువ. అమ్మమ్మ గీత ఎక్కడ మొదలుపెట్టిందో మనమూ అక్కడే మొదలుపెట్టాలి. దాన్ని కనిపెట్టడానికే ఈ రోజుల్లో "కూర్చుంది" అనే ఒక్క మాటతో సరిపెట్టవద్దంటున్నాను. ఒళ్లు ఆన్చి కూర్చుందా, గుడ్డు మీద కాళ్లు ఎడంగా పెట్టి నిలబడిందా, గుంట ఖాళీగా ఉందా? ఈ మూడూ వేరువేరుగా రాయండి. గుంట ఖాళీ అయితే ఎన్ని నిమిషాలో కూడా.

ఇక గడియారం సంగతి. ఆ మొదటి పిల్ల వచ్చేసరికి మన దగ్గర 4వ తేదీ మధ్యాహ్నం. రెండోది వచ్చింది మన 4వ తేదీ సాయంత్రం. మన తేదీలతో రాసుకున్నవాళ్ల పుస్తకంలో రెండు పిల్లలదీ ఒకే పుట్టినరోజు!

2024లోనూ మూడు గుడ్లే పెట్టింది, ఒక్కటీ పిల్ల కాలేదు. మన భాషలో మురిగ్గుడ్లు. ఆ ఫిబ్రవరి మంచు తుఫానులో జాకీ రెండు రోజులకు పైగా కదలకుండా పొదిగింది, గడువు దాటాక కూడా ఇద్దరూ వారాల తరబడి కూర్చున్నారు. అలాంటి సీజన్‌లో "పాపం, ఆశ వదులుకోలేకపోతోంది" అని రాయాలనిపిస్తుంది, నాకూ అనిపించింది. ఆ మాట పుస్తకం వెనక పేజీలో రాసుకోండి. ముందు పేజీలో: 44వ రోజు, ఉదయం 9:10, ఆడపక్షి, కూర్చుంది, గుడ్లు దొర్లించింది.

ఈ వారం పని

రెండు రాత్రులు, ఒక్కోటి రెండు గంటలు. ఎన్నిసార్లు గుడ్లు దొర్లించిందో, ప్రతిసారికీ మధ్య ఎన్ని నిమిషాలో రాయండి. కనీసం ఒక డ్యూటీ మార్పు పట్టుకోండి, లైవ్‌లో దొరక్కపోతే వెనక్కి జరిపి వెతకండి. ఎవరు వచ్చారో రాశాక, ఆ నిర్ణయానికి ఎలా వచ్చారో పక్కనే ఒక వాక్యం రాయండి: ముక్కును బట్టా, ఒంటిని బట్టా, కూతను బట్టా?

వచ్చే పాఠం పెంకు మీద తొలి పగులు గురించి. పగులుకూ, గుడ్డుకు అంటుకున్న గడ్డిపోచకూ తేడా తెలియక ప్రతి ఏడూ వందలమంది మోసపోతారు. కాబట్టి ఈ రెండు రాత్రుల్లో పక్షి లేచిన ప్రతిసారీ గుడ్ల స్క్రీన్‌షాట్లు తీసి దాచండి. పగులు లేని గుడ్డు ఎలా ఉంటుందో ముందు మీ దగ్గర ఉండాలి.