కొండ నడకకు కొంచెం మోయడం, కొంచెం పాకడం

విజయవాడ చుట్టుపక్కల కొండపల్లి, మంగళగిరి, ఉండవల్లి వైపు ఉదయం పూట గంటసేపు కొండ దారిలో నడిచివచ్చేవారు, ఆ నడక మధ్యలోనే శరీరానికి సహజమైన కదలికలను కొన్నింటిని కలుపుకుంటే, కాళ్లతోపాటు చేతులు, నడుము, వీపు కూడా బలపడతాయి. ఫ్రెంచి నావికాధికారి జార్జ్ ఎబేర్ 20వ శతాబ్దం తొలినాళ్లలో పరుగు, దూకడం, పాకడం, ఎక్కడం, బరువు మోయడం వంటివాటినే ఒక వ్యాయామ పద్ధతిగా తీర్చిదిద్దారు; మన పొలాల్లో పనిచేసేవారికి ఇవి నిత్యకృత్యాలే.

నా దృష్టిలో వీటిలో అన్నింటికన్నా విలువైనది మోయడం. దారి పక్కన కనిపించిన నాలుగైదు కిలోల రాయిని, మోకాళ్లు వంచి, వీపు నిటారుగా ఉంచి ఎత్తుకుని, పొట్టకు ఆనించి 30 అడుగులు నడిచి, విసిరేయకుండా అదే తీరున కిందికి దించాలి. అయితే ఎత్తేముందు దానిని బూటుకాలితో ఒకసారి తప్పకుండా దొర్లించండి, ఎందుకంటే అడుగున తేలు ఉండవచ్చు. చదునైన చోట పది అడుగులు చేతులూ కాళ్లూ ఆనించి పాకితే భుజాలకు మంచి పని దొరుకుతుంది. దిగేటప్పుడు మాత్రం మోకాళ్లు కొద్దిగా వంచి చిన్న అడుగులే వేయాలి. కోట గోడలనూ గుహాలయాలనూ ఎక్కడానికి వాడకండి, అవి మనం కాపాడుకోవలసిన కట్టడాలు.