సముద్రంలో పాత మైను పేల్చే ముందు జాగ్రత్తలు

ఉత్తర సముద్రం, బాల్టిక్‌లలో యుద్ధకాలపు మైన్లను (నీటిలో అమర్చిన పేలుడు ఆయుధాలను) తొలగించే బృందం, పేల్చకుండా పైకి తీయడం గానీ, లోపలి మందుగుండును నెమ్మదిగా కాల్చివేయడం గానీ సాధ్యమా అని ముందుగా తేల్చుకోవాలి.

పేల్చక తప్పకపోతే, కిలోమీటరు వ్యాసార్థంలో కనీసం గంటసేపు సముద్రపు జంతువులేవీ దగ్గర లేవని పరిశీలకులు నీటిని గమనించాలి. పోర్పాయిస్‌లు (డాల్ఫిన్ల వంటి చిన్న సముద్ర క్షీరదాలు) కంటికి చిక్కడం కష్టం కనుక హైడ్రోఫోన్లతో (నీటి అడుగు మైకులతో) వాటి క్లిక్ శబ్దాలనూ వినాలి. చీకట్లో, పొగమంచులో పని మొదలుపెట్టకూడదు.

మైను చుట్టూ అడుగున రంధ్రాల గొట్టం పరచి, కంప్రెసర్‌తో గాలి పంపి, పేలుడు తాకిడిని తగ్గించే బుడగల తెర ఎక్కడా తెగకుండా లేచిందో లేదో కళ్లారా చూసుకోవాలి. ఖర్చని వదిలేయకూడనిది, నా దృష్టిలో, ఇదే: 2019 ఆగస్టులో జర్మనీ దగ్గర ఫెమార్న్ జలసంధిలో 42 మైన్లను పేల్చి తొలగించాక, పరీక్షించిన 24 మృత పోర్పాయిస్‌లలో పదింటికి పేలుడు గాయాలు కనిపించాయి, మధ్యచెవి ఎముకలు స్థానం తప్పాయి.