పాత జెర్మేనియం రేడియోకి బ్యాటరీ పెట్టేముందు

1960ల నాటి ట్రాన్సిస్టర్ సెట్‌ని మళ్లీ పలికించాలంటే ముందు ఇవి చూడండి.

బ్యాటరీ ప్లస్, మైనస్: ఈ సెట్లలో ఉండే ఓసీ44, ఏఎఫ్117 లాంటి జెర్మేనియం ట్రాన్సిస్టర్లు పీఎన్‌పీ రకం, అంటే మైనస్ సరఫరాతో నడిచేవి. చాలా సెట్లలో ప్లస్సే చాసిస్‌కి (సెట్ లోహపు చట్రానికి) వెళ్తుంది. తిరగేస్తే ట్రాన్సిస్టర్లే పోవచ్చు, ఇప్పుడవి తయారు కావడం లేదు.

ఏఎఫ్114 నుంచి ఏఎఫ్117 వరకు: ఈ ట్రాన్సిస్టర్ల లోహపు డబ్బా లోపల వెంట్రుకల్లాంటి సన్నటి తగరపు పోగులు మొలిచి కాళ్లను డబ్బాకి షార్ట్ చేస్తాయి. సెట్ ఆపి మీటర్‌తో చూడండి. డబ్బాకి షీల్డ్ కాలు (డబ్బాకే కలిపి ఉంచిన నాలుగో కాలు) ఒక్కటే తగలాలి. ఇంకో కాలు కూడా తగిలితే పారేయకండి, పాపం! షీల్డ్ కాలు కత్తిరిస్తే చాలాసార్లు మళ్లీ పనిచేస్తుంది.

సోల్డరింగ్: కాలిని పట్టకారుతో పట్టుకోండి. జెర్మేనియం వేడికి తట్టుకోదు.

జెర్మేనియం ట్రాన్సిస్టర్ బదులు సిలికాన్‌ది నేరుగా పెట్టకండి. దాని బేస్ కాలికి 0.2 బదులు 0.6 వోల్టులు కావాలి, బయాస్ (బేస్‌కి అందే వోల్టేజీ) మార్చాల్సిందే.