పాత తెలుగు ఫైళ్లు చెడకుండా డీటీపీ సిస్టమ్‌ను అప్‌గ్రేడ్ చేసుకోవడం

విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ముగిసింది. అప్పటి నుంచి గుంటూరులోని మా డీటీపీ (కంప్యూటర్‌లో పేజీలు కూర్చి అచ్చుకు ఇచ్చే) సెంటర్‌కు తోటి ఆపరేటర్ల ఫోన్లు ఎక్కువయ్యాయి. అందరూ అడిగేది ఒకటే: "అక్కా, విండోస్ 11 వేస్తే పేజ్‌మేకర్ పనిచేస్తుందా?" పేజ్‌మేకర్ అంటే మేం పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్. నేను మాత్రం ఇంకో ప్రశ్న ముందు వేసుకోమంటాను. ఎప్పుడో చేసిన శుభలేఖ ఫైలు కొత్త సిస్టమ్‌లో తెరిస్తే వత్తులూ గుణింతాలూ ఉన్నచోట ఉన్నట్టే ఉంటాయా? ప్రోగ్రాము పోతే మరొకటి కొనుక్కోవచ్చు. మన ఆస్తి ఆ ఫైళ్లే. నిరుటి గుడి కరపత్రం, బడి ప్రోగ్రెస్ కార్డు, పంతులు గారి పంచాంగం పేజీ మళ్లీ తెరిచి, తేదీలు మార్చి ఇచ్చే పని మీదే మన బతుకు నడుస్తోంది. కాబట్టి అప్‌గ్రేడ్‌ను ఫైళ్ల వైపు నుంచి మొదలుపెట్టాలి.

ముందుగా ఒక సంగతి తెలియాలి. తర్వాత ఎదురయ్యే ఇబ్బందులు చాలావరకు ఇక్కడే పుడతాయి. అను వంటి పాత ఫాంట్లలో టైప్ చేసినప్పుడు ఫైలులో చేరేది తెలుగు కాదు. ఇంగ్లిషు అక్షరాలు, గుర్తుల సంకేతాలే చేరతాయి. వాటికి తెలుగు రూపం తొడిగేది ఫాంటు. తలకట్టు, గుడి, వత్తు అన్నీ విడివిడి ముక్కలుగా, కంటికి కనిపించే వరసలో పేర్చి ఉంటాయి. అన్ని భాషల అక్షరాలకూ వేరు వేరు సంకేతాలిచ్చే యూనికోడ్ పద్ధతిలో అలా కాదు. అక్కడ తెలుగుకు సొంతంగా 128 స్థానాల గది ఉంది, అక్షరాలు పలికే వరసలో ఉంటాయి, వత్తును కిందికి, గుడిని పైకి చేర్చే పని సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంది. కాబట్టి పాత ఫైలుకు ఫాంటు దొరకకపోతే పేజీ అంతా పిచ్చిరాత అవుతుంది. యూనికోడ్ ఫైలుకు అక్షరాలు కూర్చడం తెలియని సాఫ్ట్‌వేర్ తగిలితే వత్తులు విడిపోయి పక్కన నిలబడతాయి. తెర మీద ఈ రెండింటిలో ఏది కనిపిస్తోందో గుర్తుపడితే సగం వైద్యం అయినట్టే.

ఇక ఎప్పుడు చేయాలి? ఆషాఢంలో. ముహూర్తాలు ఉండవు, శుభలేఖల పని ఉండదు. ఆషాఢం కుదరకపోతే పుష్యం. మాఘ, ఫాల్గుణాల్లోనో శ్రావణంలోనో మిషను ముట్టుకోవద్దు. ఎన్నికల నోటిఫికేషన్ వచ్చాక అసలే వద్దు.

మిషను తగినదో కాదో చూడడం తేలిక. విండోస్ 11కి టీపీఎమ్ 2.0 అనే భద్రతా చిప్, కనీసం 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్థలం కావాలి. ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం నుంచి ఒప్పుకుంటుంది. మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే 'పీసీ హెల్త్ చెక్' ఇవన్నీ చూసి చెబుతుంది. తగదని చెప్తే అడ్డదారిలో ఎక్కించే పద్ధతులు ఉన్నాయి కానీ, రోజూ డబ్బు సంపాదించిపెట్టే మిషను మీద ఆ ప్రయోగం వద్దనే చెబుతాను. విండోస్ 11లో 64 బిట్ రకం ఒక్కటే ఉంది కాబట్టి మరీ పాతవైన 16 బిట్ ప్రోగ్రాములు, 16 బిట్ ఇన్‌స్టాలర్లు అందులో నడవవు. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో. అది 32 బిట్ ప్రోగ్రాము కనుక తెరుచుకునే అవకాశం ఉంది. అయినా 2004లోనే అభివృద్ధి ఆగిపోయిన సాఫ్ట్‌వేర్‌ను నమ్ముకుని కొత్త పనులు ఒప్పుకోకండి.

పాత మిషను ఇంకా బాగా నడుస్తున్నప్పుడే చేయవలసిన పని ఒకటుంది. దీన్ని ఎవరు దాటేసినా నాకు బాధగా ఉంటుంది. మళ్లీ మళ్లీ వచ్చే ఖాతాదారుల ఫైళ్లన్నీ ఒక్కొక్కటిగా తెరిచి పీడీఎఫ్ చేయండి. చేసి ఊరుకోకూడదు. ఆ పీడీఎఫ్‌ను అక్రోబాట్ రీడర్‌లో తెరిచి కంట్రోల్, డి నొక్కితే 'డాక్యుమెంట్ ప్రాపర్టీస్' వస్తుంది. అందులో 'ఫాంట్స్' ట్యాబ్ చూడండి. ప్రతి ఫాంటు పేరు పక్కన 'ఎంబెడెడ్ సబ్‌సెట్' అనో 'ఎంబెడెడ్' అనో ఉండాలి. ఫాంటు ఆ పీడీఎఫ్‌లోనే చేరి ఉందని దాని అర్థం. ఆ మాట లేని ఫాంటు ఒక్కటున్నా, ఫాంటు లేని మిషనులో ఆ పీడీఎఫ్ పాడైపోయినట్టే కనిపిస్తుంది. అన్నీ సరిగా ఉన్న పీడీఎఫ్ చేతిలో ఉంటే రేపు ఏ ప్రోగ్రాము మొరాయించినా కనీసం అచ్చుకు పంపగలం, చూసి మళ్లీ టైప్ చేసుకోగలం.

పీడీఎఫ్‌ల తర్వాత ఫాంట్ల ఫోల్డరు, సాఫ్ట్‌వేర్ సీడీలు, సీరియల్ నంబర్లు, టైపింగ్ సాఫ్ట్‌వేర్ లైసెన్సు కాగితం అన్నీ ఒకచోట పెట్టండి. లైసెన్సు డాంగిల్‌లో (కంప్యూటర్‌కు తగిలించే చిన్న తాళం లాంటి పరికరంలో) ఉంటే, కొత్త విండోస్‌కు దాని డ్రైవరు ఉందో లేదో అమ్మినవారిని ముందే అడగండి. అన్నిటినీ బయటి హార్డ్ డిస్కులోకి ఎక్కించి, ఆ డిస్కును వేరే కంప్యూటర్‌కు తగిలించి నాలుగైదు ఫైళ్లు తెరిచి చూడండి. తెరిచి చూడని బ్యాకప్‌ను నేను బ్యాకప్‌గా లెక్కపెట్టను.

అప్‌గ్రేడ్ అయ్యాక మొదటి పనిగా నేనొక పరీక్ష పేజీ తెరుస్తాను. అందులో "శ్రీరస్తు శుభమస్తు అవిఘ్నమస్తు" అనే పంక్తి, కింద రాష్ట్రం, లక్ష్మి, స్వాతంత్ర్యం, వైశిష్ట్యం, రాజ్‌కుమార్ అనే మాటలు ఉంటాయి. ఒకసారి అను ఫాంటులో, ఒకసారి యూనికోడ్‌లో. తెలుగులో చిక్కు తెచ్చే కలయికలు చాలావరకు ఈ కాస్తలోనే వచ్చేస్తాయి.

పాత ఫాంటు పంక్తిలో కొన్ని అక్షరాలు సరిగ్గా వచ్చి మిగతావి డబ్బాలుగానో ప్రశ్నార్థకాలుగానో మారితే, ఫాంటును అనుమానించే ముందు ఒక సెట్టింగు చూడండి. కంట్రోల్ ప్యానెల్‌లో 'రీజియన్', అందులో 'అడ్మినిస్ట్రేటివ్' ట్యాబ్, 'చేంజ్ సిస్టమ్ లొకేల్' నొక్కితే చిన్న పెట్టె తెరుచుకుంటుంది. అక్కడ 'బీటా: యూజ్ యూనికోడ్ యూటీఎఫ్-8' అన్న గడిలో టిక్కు ఉంటే తీసేసి, భాష ఇంగ్లిషు ఉంచి, మిషను రీస్టార్ట్ చేయండి. పాత ఫాంట్లు 256 సంకేత స్థానాలను వాడుకుంటాయి. ఈ టిక్కు ఉన్నప్పుడు పాత ప్రోగ్రాములకు మొదటి 128 మాత్రమే సరిగ్గా అందుతాయి. రెండో సగంలో ఉన్న ముక్కలన్నీ మాయమవుతాయి. అందుకే పేజీ సగం బాగుండి సగం చెడినట్టు కనిపిస్తుంది.

ఫాంటు వేశాం, వర్డ్‌లో కనిపిస్తోంది, పేజ్‌మేకర్ జాబితాలో మాత్రం లేదు అంటారా? 2018 చివర వచ్చిన విండోస్ 10 కూర్పు నుంచి, ఊరికే 'ఇన్‌స్టాల్' నొక్కితే ఫాంటు ఆ ఒక్క యూజరు ఫోల్డరులోకే వెళ్తుంది. పాత ప్రోగ్రాములు కొన్ని అక్కడ వెతకవు. ఫాంటు ఫైలు మీద కుడి క్లిక్ చేసి 'ఇన్‌స్టాల్ ఫర్ ఆల్ యూజర్స్' ఎంచుకోండి. మీ పాత ఫాంట్లలో పీఎఫ్‌బీ, పీఎఫ్‌ఎమ్ రకం ఫైళ్లుంటే అవి టైప్ 1 ఫాంట్లు. అడోబీ 2023 జనవరిలో వాటికి మద్దతు ఆపేసింది. అదే ఫాంటు ట్రూటైప్ లేదా ఓపెన్‌టైప్ రూపంలో సంపాదించుకోవడం తప్ప దారి లేదు.

వర్డ్‌లో గౌతమి ఫాంటుతో చేసిన పుస్తకం తెరిస్తే అక్షరాలు బాగానే ఉండి పేజీలు మాత్రం జరిగిపోతాయి. కొత్తగా వేసిన విండోస్‌లో గౌతమి, వాణి ఫాంట్లు ముందే ఉండవు. వాటి స్థానంలో నిర్మల వచ్చి కూర్చుంటుంది, దాని కొలతలు వేరు. సెట్టింగ్స్‌లో 'సిస్టమ్', 'ఆప్షనల్ ఫీచర్స్'లోకి వెళ్లి 'తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్' అని వెతికి చేర్చండి. ఇంటర్నెట్ ఉండాలి. చేర్చాక పేజీలు వాటంతటవే సర్దుకుంటాయి. ఈలోపు కంగారుపడి మార్జిన్లు మార్చుకుంటూ పోవద్దు.

వర్డ్‌లోనే ఇంకో బెడద ఉంది. కొత్తగా వేసిన వర్డ్‌లో ఆటోకరెక్ట్ అంతా మొదటి స్థితిలో ఉంటుంది. వాక్యం మొదట్లో చిన్న అక్షరాన్ని పెద్దది చేయడం, కొటేషన్ గుర్తులను వంకర గుర్తులుగా మార్చడం దాని పని. ఇంగ్లిషుకు అది సాయమే. పాత ఫాంటులో టైప్ చేసేటప్పుడు మాత్రం చిన్న అక్షరం ఒక తెలుగు ముక్క, పెద్ద అక్షరం మరో తెలుగు ముక్క. మీరు సరిగ్గానే కొట్టినా వాక్యం మొదటి అక్షరం వేరేగా వస్తుంది. 'ఫైల్', 'ఆప్షన్స్', 'ప్రూఫింగ్', 'ఆటోకరెక్ట్ ఆప్షన్స్' తెరిచి ఆ రెండు టిక్కులూ తీసేయండి. మా దగ్గర పని నేర్చుకునే పిల్లలకు కీబోర్డు కన్నా ముందు నేను చూపించేది ఈ పెట్టెనే.

పేజ్‌మేకర్ స్థానంలో అడోబీ తెచ్చిన ఇన్‌డిజైన్‌కు మారేవారికి రెండు మాటలు. పేజ్‌మేకర్ ఫైళ్లను నేరుగా తెరిచే చివరి ఇన్‌డిజైన్ సీఎస్6. ఆ తర్వాతి కూర్పులు తెరవవు. ఇక యూనికోడ్ తెలుగును అందులో అతికించినప్పుడు "అవిఘ్నమస్తు"లో ఘ మీద పొల్లు నిలబడి, న పక్కకు జరిగి, స, త విడివిడిగా కనిపిస్తే ఫాంటు చెడిపోలేదు. 'పారాగ్రాఫ్' ప్యానెల్ మూలనున్న మెనూలో 'అడోబీ వరల్డ్-రెడీ పారాగ్రాఫ్ కంపోజర్' ఎంచుకోండి. పంక్తి కళ్లముందే కుదురుకుంటుంది. ప్రతి పేరాకూ ఇలా చేయనక్కర్లేదు. పారాగ్రాఫ్ స్టైల్‌లో 'జస్టిఫికేషన్' కింద ఇదే కంపోజర్ పెట్టి ఆ స్టైల్ వాడండి. ఇలస్ట్రేటర్‌లో ప్రిఫరెన్సెస్ 'టైప్' విభాగంలో 'షో ఇండిక్ ఆప్షన్స్' టిక్కు పెట్టాలి. ఫోటోషాప్‌లో పారాగ్రాఫ్ ప్యానెల్ మెనూలోనే 'వరల్డ్-రెడీ లేఅవుట్' ఉంటుంది.

అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు ఉచితంగా దొరుకుతాయి. వాడండి, కానీ మారిన ప్రతి మాటనూ పాత పీడీఎఫ్ పక్కన పెట్టుకుని చదవండి. ఇంకో మనిషి పైకి చదువుతుంటే మీరు తెర మీద చూసుకోవడం ఇంకా మంచిది. ముఖ్యంగా చూడవలసింది రవత్తు. అది కంటికి అక్షరం ఎడమ పక్కన కిందుగా కనిపిస్తుంది కాబట్టి వరస మారేటప్పుడు పక్క అక్షరానికి అంటుకోవచ్చు. పేరాల మధ్యలో ఇంగ్లిషులో ఉన్న ఈమెయిలు, కంపెనీ పేరు కన్వర్టర్‌కు అను అక్షరాల్లాగే కనిపిస్తాయి, వాటినీ తెలుగు చేసేస్తుంది. అలాంటివాటిని ముందే కత్తిరించి పక్కన పెట్టుకుని, మార్పిడి అయ్యాక తిరిగి చేర్చండి. ఆఖరున పేర్లు చూడండి. "రాజ్‌కుమార్"లో జ్ తర్వాత కంటికి కనబడని విడదీత గుర్తు ఒకటుంటుంది. అది రాలిపోతే క వత్తై జ కిందికి పోయి "రాజ్కుమార్" అవుతుంది. ఇన్‌డిజైన్‌లో 'టైప్' మెనూ, 'ఇన్‌సర్ట్ స్పెషల్ క్యారెక్టర్', 'అదర్', 'నాన్-జాయినర్' అన్న దారిలో దాన్ని తిరిగి పెట్టవచ్చు. శుభలేఖలో పెళ్లికొడుకు పేరు తప్పుగా అచ్చయితే ఆ ఇంటివారు పడే బాధ చూసినవారెవరూ ఈ గుర్తును చిన్నదనరు.

టైపింగ్ గురించి అడిగేవారు ఎక్కువే కానీ చెప్పేది తక్కువ. పాత ఫాంట్లకు వాడే యాపిల్ లేఅవుట్ (కీల అమరిక) అలవాటైన చేతికి విండోస్ ఇచ్చే ఇన్‌స్క్రిప్ట్ కొత్తగా ఉంటుంది. 2019 మేలో వచ్చిన విండోస్ 10 కూర్పు నుంచి తెలుగు ఫొనెటిక్ కీబోర్డు (ఇంగ్లిషు అక్షరాలతో కొడితే తెలుగు వచ్చేది) కూడా ఉంది. ఏది వాడినా ఒక్కదానికే కట్టుబడండి.

ప్రింటరు దగ్గర రెండు విషయాలు చూడాలి. కొత్త విండోస్‌లో ప్రాంతం అమెరికా అని ఉండిపోతే కాగితం 'లెటర్' కొలతకు వెళ్లి, ఏ4 పేజీలో కింది పంక్తి తెగుతుంది. ప్రాంతం ఇండియా చేసి, ప్రింటరు ప్రిఫరెన్సెస్‌లో ఏ4 పెట్టండి. 'లెట్ విండోస్ మేనేజ్ మై డిఫాల్ట్ ప్రింటర్' ఆపేయండి. లేకపోతే చివరిసారి వాడిన ప్రింటరుకే తర్వాతి పని వెళ్తుంది. పీడీఎఫ్ తెర మీద బాగుండి కాగితం మీద చెడితే, అక్రోబాట్ ప్రింట్ పెట్టెలో 'అడ్వాన్స్‌డ్' నొక్కి 'ప్రింట్ యాజ్ ఇమేజ్' పెడితే ఆ పూట గండం గడుస్తుంది.

ఇవన్నీ చూసినా ముఖ్యమైన పని ఒక్కటి నడవకపోతే వెనక్కి వెళ్లడానికి గడువు 10 రోజులు. సెట్టింగ్స్‌లో 'సిస్టమ్', 'రికవరీ', 'గో బ్యాక్'. స్థలం కోసమని ఈలోగా 'విండోస్.ఓల్డ్' ఫోల్డరును తుడిచేస్తే ఆ దారి మూసుకుపోతుంది. అందుకే ఆ పది రోజుల్లోనే మీ పనులన్నింటిలో ఒక్కొక్క రకం ఫైలు తెరిచి, మార్చి, అచ్చు తీసి చూసేయండి.

కొత్త మిషను కొన్నవారు పాతదాన్ని వెంటనే అమ్మకండి. ఇంటర్నెట్ తీసేసి, ఒక ఏడాది మూలన ఉంచండి. ఉగాది, శ్రీరామనవమి, వినాయక చవితి, దసరా, సంక్రాంతి పనులన్నీ ఒక చుట్టు వచ్చి వెళ్లేసరికి ఏ ఫైలు కొత్తదానిలోకి రాలేదో తెలిసిపోతుంది. అమ్మేటప్పుడు హార్డ్ డిస్కు విప్పి మీ దగ్గరే ఉంచుకోండి. దానిలో మనం ప్రింటు తీసిచ్చిన జనం ఆధార్ కార్డులు, పాస్‌బుక్ కాపీలు ఉంటాయి.