డిప్రెషన్‌కి థెరపీ అంటే అక్కడ అసలేం చేస్తారు, ఎలా మొదలుపెట్టాలి

"కౌన్సెలింగ్‌కి వెళ్తే ఏముంటుందిలే, పాజిటివ్‌గా ఉండు అంటారు అంతేగా" అని నేనూ చాలా రోజులు అనుకున్నా. నిజంగా అంతే చెప్పి పంపించేవాళ్ళైతే వేరేవాళ్ళని చూస్కోండి.

ముందు ఇది మామూలు బాధా, డిప్రెషనా అన్నది చూస్కోవాలి. కనీసం 2 వారాలు, దాదాపు ప్రతిరోజూ, దిగులుగా ఉండటమో ఇష్టమైన పనుల మీద కూడా ఆసక్తి పోవడమో ఉండి, దాంతోపాటు నిద్ర, ఆకలి, ఓపిక, ఏకాగ్రత దెబ్బతినడం, నేనెందుకూ పనికిరాను అనిపించడం లాంటివి కలిపి 5 లక్షణాలుండి, రోజువారీ పనులు దెబ్బతింటుంటే డాక్టర్లు డిప్రెషన్ అంటారు. ఏడుపు రావాలని రూలేం లేదు, నాకైతే ఒక్క చుక్క రాలేదు, స్నానానికి లేవడానికే మధ్యాహ్నం అయ్యేది. థైరాయిడ్, రక్తహీనత, బీ12 తక్కువైనా ఇలాంటి నీరసమే ఉంటుంది కాబట్టి బ్లడ్ టెస్ట్ గురించి డాక్టర్‌ని అడగండి.

మందులు రాసేది సైకియాట్రిస్ట్, మాట్లాడించి థెరపీ చేసేది ఎక్కువగా సైకాలజిస్ట్. డిప్రెషన్ తీవ్రంగా ఉంటే రెండూ కలిపి చేస్తే ఇంకా బాగా పనిచేస్తుంది. థెరపీ బాగుంది కదా అని మాత్రలు సొంతంగా ఆపేయొద్దు.

మొదటి సెషన్‌కి ఎప్పట్నుంచి ఇలా ఉంది, ఎన్ని గంటలు నిద్రపోతున్నా, ఏం మానేశా అని ఫోన్‌లో నాలుగు లైన్లు రాస్కుని వెళ్ళండి, ఎందుకంటే అక్కడ కూర్చోగానే అన్నీ మర్చిపోతాం.

ఎక్కువగా వాడేది సీబీటీ (కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ, అంటే మన ఆలోచనల్నీ చేసే పనుల్నీ మార్చుకునే పద్ధతి), 1960ల్లో ఆరన్ బెక్ అనే సైకియాట్రిస్ట్ మొదలుపెట్టింది. ఉదాహరణకి ఫ్రెండ్ మెసేజ్ చూసి రిప్లై ఇవ్వలేదు, వెంటనే "నేనంటే విసుగొచ్చేసింది" అనిపిస్తుంది. ఆ ఆలోచనని పేపర్ మీద పెట్టి, ఎంత నమ్ముతున్నావ్, దీనికి రుజువేంటి, కాదనడానికి రుజువేంటి అని అడుగుతారు. నేను 90 శాతం అని రాశా, రుజువుల దగ్గరికొచ్చేసరికి అవునన్న పక్క ఖాళీ. ఇంకోటి, మూడ్ వచ్చాక పని చేద్దాం అనుకుంటే ఆ మూడ్ రాదు, అందుకే ముందు చిన్న పని ఇస్తారు. నాకు 10 నిమిషాల నడక ఇచ్చారు, ముందు వెనక మూడ్‌కి 10కి మార్కులు వేస్కోమన్నారు. 2 కాస్తా 3 అయింది, ఏదో సాధించినట్టు నవ్వొచ్చింది.

మామూలుగా వారానికొకటి, ముప్పావు గంట అటూ ఇటూ, మొత్తం 12 నుంచి 20 సెషన్లు పడుతుంది. మొదట్లో కొన్నిసార్లు బయటికొచ్చాక ఇంకా బరువుగా అనిపించొచ్చు, ఆ మాట వాళ్ళకే చెప్పండి.

చనిపోవాలనిపిస్తుంటే మాత్రం అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు, పక్కనున్నవాళ్ళకి చెప్పి వెంటనే ఎమర్జెన్సీకి వెళ్ళండి, ఒంటరిగా ఉండొద్దు. థెరపిస్ట్‌కీ దాచొద్దు. మనం చెప్పినవి బయటికి చెప్పరు, ప్రాణాపాయం లాంటివి ఉన్నప్పుడు తప్ప.

ఫోన్ చేయడమే కష్టమైతే ఇంకొకర్ని చేయమనండి. నాకు మా అక్కే చేసింది, నేను పక్కన కూర్చుని డేట్‌కి తలూపా అంతే.