ఫిన్‌టెక్ హ్యాకథాన్‌లో పాల్గొనే బృందానికి కొన్ని సూచనలు

కోడ్ రాయడం మొదలుపెట్టే ముందు, ఎవరి డబ్బు ఎక్కడ ఆగిపోతున్నదో ఒకసారి చూసి రావాలి. బెంగళూరు మారతహళ్లిలో ఒకే పీజీలో ఉంటున్న మేము నలుగురం డబ్బు లావాదేవీల యాప్‌ను 48 గంటల్లో తయారుచేసే ఆన్‌లైన్ పోటీకి (ఫిన్‌టెక్ హ్యాకథాన్‌కు) పేర్లు ఇచ్చినప్పుడు, మా దగ్గర ఉన్న ఆలోచనలన్నీ పెద్దవే గాని వాటిలో ఒక్కటీ మేము కళ్లారా చూసినది కాదు. చివరికి మేము రోజూ తినే ఆంధ్రా మెస్ యజమానే మాకు సమస్యను అందించారు. నెల మొదట్లో ఆయన ఫోన్‌లో వరుసగా పడిన చెల్లింపులను చూపించి, "ఈ మూడున్నర వేలు ఎవరివో మీరే చెప్పండి బాబూ" అన్నారు. ఒకరి బిల్లు ఇంకొకరు కట్టడం వల్ల నోటు పుస్తకంలోని పేరుకూ యూపీఐలో కనిపించే పేరుకూ పొంతన ఉండడం లేదు. ఆ చెల్లింపును ఆ పేరుకు జత చేయడం ఒక్కటే మా ప్రాజెక్టు అయింది. రెండు రోజుల్లో అంతకంటే ఎక్కువ తలపెట్టకపోవడమే మంచిది.

పని పంపకం గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. ఒకరు తెరలు, ఇద్దరు సర్వర్, ఒకరు డెమోతోపాటు నియమాల పఠనం చూసుకుంటే సరిపోతుంది. నియమాలు చదివే మనిషిని మాత్రం తప్పక పెట్టుకోవాలి. గడువును యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) ఇస్తే దానికి అయిదున్నర గంటలు కలుపుకోవాలి. అక్కడ 18:30 అంటే మనకు అర్ధరాత్రి 12 గంటలు.

అసలు శ్రమ డబ్బు లెక్క దగ్గర ఉంటుంది. మొత్తాలను దశాంశాల్లో కాక పైసల్లో, పూర్ణాంకాలుగా దాచుకోవాలి. వెయ్యి రూపాయలను ముగ్గురికి సమానంగా పంచితే ఒక్కొక్కరికి 33,333 పైసలు పోగా ఒక పైసా మిగులుతుంది. ఆ పైసా ఎవరి ఖాతాలో పడాలో ముందే నిర్ణయించకపోతే నెలాఖరు మొత్తం ఎప్పటికీ సరిపోదు.

అంతకంటే ప్రమాదకరమైనది ఒకే చెల్లింపు రెండుసార్లు నమోదు కావడం. మొదటి రాత్రి మా వాడొకడు బటన్ నొక్కాడు, తెర కదలలేదు, మళ్లీ నొక్కాడు. డేటాబేస్‌లో 3,500 రూపాయలు రెండు వరుసల్లో కూర్చున్నాయి. దీనికి మందు సులువే. ప్రతి చెల్లింపు ప్రయత్నానికీ యాప్ వైపునే ఒక ప్రత్యేక సంఖ్యను పుట్టించి, మళ్లీ నొక్కినా అదే సంఖ్య వెళ్లేలా చూసి, డేటాబేస్‌లో ఆ సంఖ్య రెండోసారి చేరకుండా నిబంధన పెట్టాలి. చెల్లింపు గేట్‌వే (యాప్‌కూ బ్యాంకుకూ మధ్య చెల్లింపు నడిపే సేవ) పంపే సమాచారం కూడా ఒక్కోసారి రెండుసార్లు వస్తుంది కాబట్టి ఆ తలుపు దగ్గరా ఇదే కాపలా ఉండాలి.

జడ్జీలు తప్పక అడిగే ప్రశ్న ఒకటుంది: కట్టినవారి ఖాతాలో డబ్బు తగ్గి, అవతలివారికి చేరకపోతే మీ యాప్ ఏం చూపిస్తుంది? చాలా బృందాలు ఇక్కడే తడబడతాయని నా అనుమానం. ఆర్‌బీఐ 2019 సెప్టెంబరులో ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, యూపీఐ ద్వారా ఒకరికి పంపిన సొమ్ము వారి ఖాతాలో జమ కాకపోతే లావాదేవీ మరుసటి రోజులోగా తిరిగి రావాలి. వ్యాపారికి కట్టినప్పుడు నిర్ధారణ అందకపోతే ఆ గడువు అయిదు రోజులు. గడువు దాటితే రోజుకు 100 రూపాయల పరిహారం. కాబట్టి "విజయం", "విఫలం" అనే రెండు స్థితులు చాలవు. "ఇంకా తేలలేదు" అనే మూడో స్థితిని పెట్టి, దాని పక్కనే 12 అంకెల యూపీఐ రిఫరెన్స్ నంబరునూ, తిరిగి రావలసిన తేదీనీ చూపించాలి. మెస్ యజమానికీ, కట్టానంటున్న కుర్రాడికీ మధ్య వాదన ఆ నంబరు దగ్గరే తెగుతుంది.

నిజమైన ఖాతాదారుల వివరాలను పరీక్షకు వాడకూడదు. శాండ్‌బాక్స్‌లో (నిజమైన డబ్బు కదలని పరీక్షా ఏర్పాటులో) కల్పిత పేర్లతోనే పని చేయాలి. రహస్య కీలు (సేవలను వాడుకోవడానికి ఇచ్చే పాస్‌వర్డ్ లాంటివి) గిట్‌లోకి, అంటే కోడ్‌లో చేసిన ప్రతి మార్పునూ దాచిపెట్టే చోటుకు, పోకుండా చూసుకోవాలి. మేము ఒకటి పొరపాటున పంపి, తర్వాతి కమిట్‌లో (నమోదు చేసిన మార్పులో) చెరిపేసి ఊరట పడ్డాం గాని, పాత చరిత్రలో అది చక్కగా కనిపిస్తూనే ఉంది. అలా జరిగితే ఆ కీని రద్దు చేసి కొత్తది తీసుకోవడమే మార్గం.

డెమో వీడియోను గడువుకు కనీసం ఆరు గంటల ముందే రికార్డు చేసి ఎక్కించాలి. మా వీధిలో ఆ సాయంత్రం కరెంటు పోయింది, రౌటర్ ఆగింది, ఫోన్ హాట్‌స్పాట్ మీద వీడియో ఎక్కుతున్నంతసేపూ నలుగురం శాతాలు లెక్కపెడుతూ కూర్చున్నాం. మూడు నిమిషాల వీడియోలో కనీసం ఒక నిమిషం విఫలమైన చెల్లింపుకే కేటాయించండి. అన్నీ సవ్యంగా సాగే యాప్‌ను ఎవరైనా చూపిస్తారు.

ఫలితం ఎలా ఉన్నా, ముగిసిన మర్నాడే టెస్ట్ కీలను రద్దు చేసి, క్లౌడ్ సర్వర్‌ను ఆపేయండి. ఉచిత పరిమితి దాటాక బిల్లు వచ్చేది, ఖాతా తెరిచినప్పుడు ఎవరి కార్డు ఇచ్చారో వారికే.